రోడ్డు పోసినంక కాదు, ఎస్టిమేట్ రాయకముందే మమ్మల్ని అడగాలంటె ఏం చెయ్యాలె?

కుట్టుమిషన్ అక్క

అందరికి నమస్తే. మాది ఉమ్మడి వరంగల్ జిల్లాల ఒక చిన్న మున్సిపాలిటీ. పట్నం పేరు రాస్తలేను. ఎవ్వరినో బద్నాం చేసుడు నాకు అక్కెర లేదు. పని సక్కగ ఎట్ల చేయించుకోవాల్నో తెలిసినోళ్ళు చెప్తరని రాస్తున్న. జెర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

ఇంటి ముందటి అర్రల నేను బట్టలు కుడుత. మా గల్లీకి పోయినేడు సీసీ రోడ్డు పడ్డది. ఏండ్ల సంది అడిగితె వచ్చిన రోడ్డు, పోసిన్నాడు అందరం సంతోషపడ్డం. గని పాత రోడ్డు తియ్యకుండ దాని మీదనే కొత్తది పోసిన్రు. ఇప్పుడు రోడ్డు నా గడప కంటె జానెడు ఎత్తు. ఇదివరకు గల్లీల పడ్డ వాన గల్లీలనే పారేది. ఇప్పుడు గడప దాటి లోపటికి వస్తది. మొన్నటి వానలకు పెండ్లోళ్ళ బ్లౌజులు, మగ్గం వర్కు చేపిచ్చినవి, బీరువ కింది అరల నానినయి. ఎర్ర రంగు దిగి జరీకి పట్టింది. పెండ్లిపిల్ల తల్లి ఒక్క మాట అనలె. ఆమె మొఖం జూసి నాకు బువ్వ సయించలె.

రోడ్డు పక్కన మోరీ కూడ కట్టిన్రు. అది గల్లీ కొసకు పోయి ఆగింది. అక్కడి నుంచి పెద్ద నాలా కనపడుతనే ఉంటది, నడిస్తె రెండు నిమిషాలు. నాలా దాక ఎందుకు కలుపలేదంటె "ఎస్టిమేట్ల అంతే ఉన్నది" అన్నరు. మోరీ నీళ్ళు ఎవరిదో ఖాళీ ప్లాటుల నిలిచి పచ్చగ పాకుడు పట్టినయి. దోమలు ఎట్లుంటయో చెప్పనవసరం లేదు, వానకాలం మా గల్లీల డెంగీ రాని ఇల్లు తక్కువ.

పని నడిచేటప్పుడు ఊకె కూసోలె, అడిగినం. మేస్త్రి కాంట్రాక్టర్‌ను అడుగుమన్నడు. కాంట్రాక్టర్ ఎస్టిమేట్ల ఉన్నదే చేస్త అన్నడు. ఆఫీసుకు పోతె సాంక్షన్ అయిపోయింది, ఇప్పుడు మార్చరాదు అన్నరు. ఎవ్వరు అబద్ధం చెప్పలె. నాకు సమజైంది ఏందంటె, మేం నోరు తెరిచేటాల్లకే అడిగే టైమ్ దాటిపోయింది.

ఇప్పుడు మళ్ళ మా వార్డుకు పైసలు వస్తున్నయట. లేఅవుట్ల పార్కుకు వదిలిన జాగల ఓపెన్ జిమ్ పెడతరని విన్న. జిమ్ చెడ్డదని అంటలేను, పొద్దుగాల వాకింగ్ పోయేటోళ్ళకు పనికొస్తది. గని మా గల్లీల ఆడోళ్ళను ఒక్కరిని అడగలె. అడిగితె ముందుగాల మోరీని నాలాకు కలుపుమంటం. ఆ జాగల చెట్లు పెట్టి, ముసలోళ్ళు కూసునేటందుకు రెండు గద్దెలు కట్టి, మిగిలింది పిల్లల ఆటకు ఖాళీగ వదులుమంటం.

ఎస్టిమేట్ రాసేటప్పుడు ఆ గల్లీల ఉన్నోళ్ళను అడగాలని రూల్ ఏమన్న ఉన్నదా? వార్డు కమిటీలు అని ఉంటయట, అందుల ఎవరెవరు ఉన్నరో ఎట్ల తెలుస్తది? మీ దిక్కు ఎవరన్న ముందుగాలనే మాట్లాడి పని మార్పించుకున్నరా? మా గల్లీల సగం మంది కిరాయికి ఉండేటోళ్ళు, వాళ్ళ మాట ఎవ్వరు వినరు. అది కూడ యాదిల పెట్టుకొని చెప్పుండ్రి.


రిటైర్డ్ ఏఈ, హన్మకొండ

అమ్మా, నమస్కారం. నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, ఉద్యోగమంతా మోరీలు, రోడ్ల ఎస్టిమేట్లు రాయడంలోనే గడిపాను. మీరు పట్టుకున్న పాయింటే అసలు పాయింటు. జనం శంకుస్థాపన నాడు వస్తారు, లేదా పని సగమయ్యాక వస్తారు. ఆ రెండు సందర్భాల్లోనూ ఇంజినీరు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

పని ఎట్లా పుడుతుందో చెప్తాను. ముందు ఒక ప్రతిపాదన. అది కౌన్సిలర్ ఇచ్చిన కాగితం కావచ్చు, ఎమ్మెల్యే లెటర్ కావచ్చు, ఆఫీసు వాళ్ళే పెట్టుకున్నది కావచ్చు. దాని మీద ఏఈ సైటుకు వెళ్ళి కొలతలు తీసుకుని ఎస్టిమేట్ రాస్తాడు. తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు. ఆ పైన పని, ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు, బిల్లు. మీరు చెప్పిన పాత రోడ్డు తీయడం అనేది ఎస్టిమేట్‌లో వేరే ఐటమ్. పాత కాంక్రీటు పగలగొట్టి మోసుకుపోవడానికి వేరే రేటు. ఆ ఐటమ్ రాసి లేకపోతే కాంట్రాక్టరుకు దానికి పైసలు రావు, కాబట్టి తీయడు. మోరీ పొడవూ అంతే. మీ బాధంతా ఎస్టిమేట్‌లోని ఆ రెండు ఐటమ్‌లలో ఉంది. ఏఈ టేపు పట్టుకుని మీ గల్లీలో నిలబడే ఆ ఒక్క గంట మీరు పక్కన ఉండాలి.

రూలు సంగతి. ఊళ్ళలో పరిస్థితి మీకంటే నయం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. పట్టణంలో అట్లాంటిది లేదు. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు అంటుంది గానీ, మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న చోట్లకే తప్పనిసరి చేసింది. మన 2019 మున్సిపాలిటీల చట్టం చిన్న పట్టణాలకు కూడా వార్డు కమిటీలు తెచ్చింది. వార్డుకు నాలుగు: యువతది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, ప్రముఖులది. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే మీ వార్డులో 60 మంది పేర్లు ఎక్కడో ఒక ఫైల్లో ఉండాలి. వాళ్ళెవరో మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. తెల్లకార్డు ఉన్నవాళ్ళకు ఆ ఫీజు కూడా లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సమాచార హక్కు అంటే కాగితాలే కాదు. 2(జె) సెక్షన్ చదవండి. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి.

ఇక మీరు ఇవాళే చేయగలిగిన పని. మేస్త్రీల దగ్గర లెవెల్ పైపు ఉంటుంది, సన్నటి తెల్లటి ప్లాస్టిక్ పైపు. దాన్ని నీళ్ళతో నింపండి. లోపల గాలి బుడగ ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. ఒక కొస మీ మోరీ ఆగిన చోట ఒకరు పట్టుకోండి, ఇంకో కొస నాలా వైపు ఇంకొకరు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ రెండు కర్రలు పాతి బొగ్గుతో గీత పెట్టండి. ఆ గీత నుంచి మోరీ అడుగు ఎంత లోతో, నాలా అడుగు ఎంత లోతో టేపుతో కొలవండి. ఆ తేడాయే మీకున్న వాలు. పైపు సరిపోకపోతే మధ్యలో ఇంకో కర్ర పాతి ముందుకు జరగండి. మోరీకి 200 అడుగులకు ఒక అడుగు వాలు దొరికితే నీళ్ళు బాగా సాగుతాయి. నాలా అడుగు మీ మోరీ అడుగు కంటే ఎత్తులో ఉంటే మాత్రం కలిపినా లాభం లేదు, నాలా నిండిన రోజు నీళ్ళు వెనక్కి మీ గల్లీలోకే వస్తాయి. అప్పుడు అడగవలసింది వేరే ఉంటుంది. కొలిచాక ఇక్కడ రాయండి, చూస్తాను.

మీరు కొలతలతో వెళ్తే ఏఈ మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు. నా సర్వీసులో అట్లా వచ్చినవాళ్ళను నేను ఎప్పుడూ ఉత్త చేతులతో పంపలేదు.


ములుగు రోడ్డు తమ్ముడు

అక్కా, సార్ చెప్పింది మంచిదే గని టైమ్ పడుతది. నా సలహా ఒకటే: గల్లీల అందరు సంతకాలు చేసి సక్కగ ఎమ్మెల్యే దగ్గరికి పోవుండ్రి. నియోజకవర్గం ఫండ్స్ ఉంటయి, ఆయన ఒక్క ఫోన్ చేస్తె అయితది. మా కాలనీల బోరు, లైట్లు అట్లనే వచ్చినయి. కమిటీలు, మీటింగులు అనుకుంట కూసుంటె ఇంకో వానకాలం పోతది. నేను మీ మంచికే చెప్తున్న.


సమాఖ్య అక్క, కొత్తవాడ

చెల్లె, నీ పోస్టు చదివి మా బజారే యాదికొచ్చింది. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇండ్లు. గుంత మగ్గం ఎట్లుంటదో తెలుసు కద. నేసేటోళ్ళు కాళ్ళు కిందికి పెట్టి తొక్కేటందుకు అర్ర నడుమ గుంత ఉంటది. రోడ్డు గడప కంటె ఎత్తయితె నీళ్ళు సక్కగ వచ్చి ఆ గుంతలనే పడ్తయి. గుంత తడిసిందంటె తొక్కుడు కర్రలు నాని ఉబ్బుతయి, నూలు చెమ్మ పడ్తది, అది ఆరేదాక పని బందు. గవర్నమెంట్ లెక్కల అది "ఇంట్ల నీళ్ళు వచ్చినయి" అని ఒక్క మాట. మా లెక్కల వారం కూలి.

అందుకె మా బజారుకు రోడ్డు అన్నప్పుడు మా సంఘాల ఆడోళ్ళమంత ఒక పని చేసినం. ఇంజినీరు కొలతలకు వస్తున్నడని మా సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) చెప్పంగనె ప్రతి ఇంటి ముందట ఆ ఇంటామె నిలబడ్డది. ఆయన ఒక్కో గడప దగ్గరికి వచ్చిండు, మేం సుద్దముక్కతోని గోడ మీద గడప మట్టం గీసి చూపెట్టినం. మగ్గం ఉన్న ఇంట్లకు తోల్కపోయి గుంత చూపెట్టినం. ఆయన అంతకుముందు గుంత మగ్గం చూడలేదట. చూసినంక మారు మాట లేదు, పాత రోడ్డు తీసి పొయ్యాలని రాసుకున్నడు. మేం లొల్లి పెట్టలె, ధర్నా చెయ్యలె. మా ఇండ్లు మేం చూపెట్టినం, అంతే.

తమ్మీ, ఎమ్మెల్యే దగ్గరికి పోవద్దని నేను అనను. పైసలు అడిగేటందుకు పోవాలె. గని ఏ పని ముందుగాల, ఎట్ల చెయ్యాలె అన్నది గల్లీల కూసొని మనమే తేల్చుకొని పోవాలె. తేల్చుకోకుండ పోతె ముందుగాల ఎవరు మాట్లాడితె వాళ్ళ పనే అయితది. మాట్లాడేటోళ్ళు ఎప్పుడు ఆ నలుగురే ఉంటరు, కార్లున్నోళ్ళు, జాగలున్నోళ్ళు.

వార్డు కమిటీ సంగతి. మా దగ్గర కూడ పేర్లు రాసుకున్నరు. కొందరికి వాళ్ళ పేరు ఉన్నదనే తెల్వది. లిస్టు దొరికినంక అందుల నీకు తెలిసిన ఆడోళ్ళ ఇండ్లకు పో, "అక్కా, నువ్వు కమిటీల ఉన్నవు, మీటింగ్ పెట్టుమని అడుగుదాం రా" అను. ఒక్కరిద్దరు కదిలినా చాలు. మీటింగ్ పగటీలి పదకొండు గంటలకు పెడితె కూలికి పోయేటోళ్ళు, బీడీలు చేసేటోళ్ళు, నీ లెక్క మిషన్ కుట్టేటోళ్ళు రారు. రాత్రి బువ్వ తిన్నంక ఎనిమిదింటికి పెట్టుమను. ఆఫీసుల కాదు, మీ గల్లీలనే లైటు కింద. కమిషనర్ సార్ రాకపోయినా ఏంగాదు, వార్డు ఆఫీసరు వస్తె చాలు.

కిరాయికి ఉన్నోళ్ళను మాత్రం విడువకు చెల్లె. ఇంటి ఓనరు హైదరాబాద్‌ల ఉంటడు, నీళ్ళల్ల నిలబడేది కిరాయిదారే. మన పొదుపు సంఘాలల్ల సొంతిల్లు ఉన్నదా లేదా అని చూస్తమా? చూడం. సంఘంల ఉన్నదంటె ఆమె మాటకు మాట, ఆమె సంతకానికి సంతకం. తీర్మానం రాసుడు, చదివి వినిపిచ్చుడు, సంతకాలు తీసుకునుడు మనకు పదేండ్ల సంది అలవాటే. అదే రిజిస్టరు పద్ధతి వార్డుకు పెట్టుకో. తేదీ రాయి, వచ్చినోళ్ళ పేర్లు రాయి, ఏ పని ముందుగాల అన్నది రాయి. దాని జిరాక్స్ ఆఫీసుల ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకొని రా. ముద్ర లేకపోతె ఇచ్చినట్టు కాదు.

నాకు కోపం వచ్చే ముచ్చట ఒకటున్నది. 2023 జులైల వరంగల్ మునిగింది, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ దిక్కు గండి పడ్డది. అంతకుముందు 2020 ఆగస్టుల గూడ గట్లనే, మొన్న 2025 అక్టోబర్ల మొంథా తుఫానప్పుడు మళ్ళ గట్లనే. నీళ్ళు ఏ దిక్కుకెళ్ళి వస్తయో, ఏ నాలా ముందుగాల పొంగుతదో ఆ గల్లీల పుట్టి పెరిగిన ముసలామెను అడిగితె చేత్తోని చూపెడుతది. ఆమెను అడిగే కాలమ్ ఏ ఫారంల ఉన్నది? లేదు. అది ఉండాలె. అదే మన లడాయి.


కుట్టుమిషన్ అక్క

సార్, అక్కా, తమ్మీ, అందరికి శరణు. కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

అక్కా, నువ్వు చెప్పినట్టు మా సంఘం ఆడోళ్ళతోని మాట్లాడిన. కిరాయికి ఉండే బీహార్ పిల్లలు, రైస్ మిల్లుల పని చేసేటోళ్ళు, వాళ్ళను గూడ పిలిచిన. మోరీ ఆగిన ప్లాటు పక్క అర్ర వాళ్ళదే. అందరి కంటె ఎక్కువ వాళ్ళకే తెలుసు ఏ ఝామున నీళ్ళు ఎంత ఎక్కుతయో. ఫోన్ల వీడియోలు తీసి పెట్టుకున్నరు, మేమెవ్వరం అంత పని చెయ్యలె.

సార్, మా మేస్త్రి దగ్గర పైపు అడుగుక్కొచ్చి కొలిచినం. బుడగ పోయేటందుకే మస్తు సేపు పట్టింది. మోరీ ఆగిన చోటు నుంచి నాలా అంచు దాక టేపుతోని 210 అడుగులు వచ్చింది. నాలా అడుగు మా మోరీ అడుగు కంటె రెండు అడుగుల కింద ఉన్నది. మీరు చెప్పిన లెక్కన సరిపోతది కద?

ఒక భయం ఉన్నది. ఆర్టీఐ వేస్తె మా మీద పగబడ్తరా? రేపు నల్లా కనెక్షన్‌కో, ఇంటి నంబరుకో మళ్ళ ఆ ఆఫీసుకే పోవాలె కద. ఇంటాయన అదే అంటున్నడు.

ఇంకొకటి, జిమ్‌కు పైసలు వచ్చినంక వాటిని మోరీకి మార్చుకోవచ్చా?


గీసుగొండ మండలం నుంచి

అక్కా, మీ భయం సహజం. దాని గురించి పెద్దవాళ్ళు చెప్తారు. నేను మా మండలంలోనే ఉన్న గంగదేవిపల్లి గురించి రెండు మాటలు చెప్తాను. చాలామందికి పేరు తెలుసు, ఎట్లా నడిచిందో తెలియదు.

అక్కడ అవార్డుల కంటే ముందు కమిటీలు వచ్చాయి. నీళ్ళకు ఒకటి, పారిశుధ్యానికి ఒకటి, చదువుకు ఒకటి, ఇట్లా ఒక్కో పనికి ఒక్కో కమిటీ. ఊరంతా కూర్చుని సారా, మందు వద్దనుకున్నారు. నీళ్ళ ప్లాంటుకు బాలవికాస సంస్థ సాయం చేస్తే, ఊరివాళ్ళు తమ వాటా తాము వేసుకుని, నడిపే బాధ్యత కూడా తామే తీసుకున్నారు. 2007లో పారిశుధ్యానికి నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టు 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గ్రామాల అభివృద్ధికి తెచ్చిన గ్రామజ్యోతి కార్యక్రమాన్ని ఆ ఊళ్ళోనే మొదలుపెట్టారు. ఇప్పటికీ బయటి ఊళ్ళ సర్పంచులు చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు ఫొటోలు దిగేది ప్లాంటు దగ్గరే గానీ, చూడవలసింది కమిటీ రిజిస్టర్లు అని నా అభిప్రాయం. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు డ్యూటీకి రాలేదు అన్నది ఊళ్ళో ఎవరైనా చూడొచ్చు అనే పద్ధతి ఉంటేనే వాటా అడిగే ముఖం ఉంటుంది.

అది చిన్న ఊరు, అందరికీ అందరూ ఎరుక. పట్టణం అట్లా కాదని నాకు తెలుసు. అందుకే వార్డు మొత్తం ఒకేసారి పెట్టుకోకండి. మీ గల్లీ, పక్క గల్లీ, ఆ మోరీ నీళ్ళు ఎవరెవరి ఇంటి ముందు పోతాయో వాళ్ళు. అంతవరకే మీ ఊరు అనుకోండి.

ఇంకో మాట. ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్ మన ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచే మొదలైంది. మా ఊళ్ళో చిన్నప్పుడు చూశాను. బయటి నుంచి వచ్చిన ఆడిట్ పిల్లలు కాలువ దగ్గర టేపు పట్టి మళ్ళీ కొలిచేవాళ్ళు. రాత్రి సభలో మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదివేవాళ్ళు, ఫలానా మనిషి ఇన్ని రోజులు పనిచేసినట్టు రాసి ఉంది, నిజమేనా అని. ఒక ముసలాయన లేచి "ఆ నెల నేను బిడ్డ దగ్గర కరీంనగర్‌లో ఉన్న" అనేవాడు. రాసింది రాసినట్టు నలుగురి ముందు చదివితే ఎంత బలం వస్తుందో అక్కడ చూశాను. మీ వార్డులో రోడ్డు ఎస్టిమేట్ కూడా అట్లాగే గల్లీలో చదవాలి. ఇన్ని మీటర్లు, ఇంత మందం, పాత రోడ్డు తీయడం ఉంది, లేదు. తెలుగులో, అందరికీ వినపడేలా. మున్సిపాలిటీ పనులకు ఆ అలవాటు రావాలని నా కోరిక.


రిటైర్డ్ ఏఈ, హన్మకొండ

అమ్మా, 210 అడుగులకు రెండు అడుగుల వాలు చాలా బాగుంది. నేను చెప్పిన దానికి దాదాపు రెట్టింపు. ఒక్కటి చూడండి: వానకాలంలో ఆ నాలాలో నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయి? గోడ మీద నీటి చార కనపడుతుంది, లేకపోతే ఆ మిల్లు పిల్లల వీడియోల్లో ఉంటుంది. నిండిన నాలా మట్టం మీ మోరీ అడుగు కంటే కిందనే ఉంటే ఇక ఆలోచించే పని లేదు. మన దగ్గర చాలా నాలాలు పాత మత్తడి వాగులే, కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు నిండితే మిగులు కింది చెరువుకు పోయే దారులు. కాబట్టి పైన ఏ చెరువు ఉందో కూడా పెద్దమనుషులను అడిగి రాసుకోండి.

ఆర్టీఐ గురించి. మొదట అది వేయకండి. ముందు మామూలు వినతిపత్రం, మీ సంఘం తీర్మానం, కొలతల కాగితం జతచేసి. మున్సిపల్ ఆఫీసులో ఒకటి, కలెక్టరేట్‌లో సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒకటి. రెండింటికీ రసీదు తీసుకోండి. పని అడిగే కాగితం మీద ఎవరికీ కోపం రాదు. వార్డు కమిటీ పేర్లు, ఎస్టిమేట్ కాపీ ఇవ్వకపోతేనే ఆర్టీఐ. అది కూడా మీ ఒక్కరి పేరు మీద ఎందుకు, గల్లీలో ఒకరు ఒక కాగితం, ఇంకొకరు ఇంకో కాగితం అడగండి. కారణం చెప్పాల్సిన పని లేదు, చట్టమే అట్లా అంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు.

జిమ్ పైసలు మోరీకి మార్చడం అనేది ఆ పైసలు ఏ పద్దు కింద వచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. 2019 చట్టం ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, ఆ పద్దులోది మోరీకి రాదు. మీరు అడిగిన చెట్లకు మాత్రం వస్తుంది. కాబట్టి రెండు కాగితాలు వేరువేరుగా ఇవ్వండి. మోరీ ఒకటి. పార్కు జాగ ఒకటి: జిమ్ బదులు చెట్లు, గద్దెలు, ఆట జాగ. ఆ జాగ కాగితాలు కూడా ఒకసారి చూడండి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగను గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా మున్సిపాలిటీకి రాసివ్వాలి. రాసిచ్చారా లేదా తెలుసుకోండి. రాసివ్వని జాగ మీద ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు ప్రహరీ కడతారు.

ములుగు రోడ్డు తమ్ముడికి ఒక మాట. పూణేలో 2006 నుంచి బడ్జెట్‌కు ముందు జనం తమ గల్లీకి కావలసిన చిన్న పనులను ఫారం మీద రాసి ఇచ్చే పద్ధతి ఉంది. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి ప్లాన్ నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు, దేని మీద ఖర్చు పెట్టాలో గ్రామసభల్లో మాట్లాడుకున్నారు. అక్కడా ఎమ్మెల్యేలు ఉన్నారు. ఉన్నా అడిగే పద్ధతి ఒకటి ఉంది కాబట్టి, ఫోన్ చేయించుకోలేనివాళ్ళ పని కూడా లిస్టులోకి వస్తుంది. మన దగ్గర రావాల్సింది అదే.


ములుగు రోడ్డు తమ్ముడు

సార్, మీరు చెప్పింది ఒప్పుకుంట. మా కాలనీల లైట్లు వచ్చినయి గని వెనుక గల్లీకి రాలె, అక్కడ ఫోన్ చేసేటోళ్ళు లేరు. అక్కా, వినతిపత్రం టైపు చెయ్యాలంటె నాకు పంపు, తెలుగుల టైపు చేసి పెడత. నాలా కొలతల బొమ్మ గూడ గీస్త.


కుట్టుమిషన్ అక్క

తమ్మీ, చల్లగుండు. బొమ్మ నువ్వే గియ్యి, కొలతలు పంపిన.

ఆఫీసుకు పోయి వచ్చినం. సంఘం ఆడోళ్ళం, మిల్లు పిల్లలల్ల ఒకడు, మా గల్లీ పెద్దాయన ఒకరు. తీర్మానం, కొలతలు చూసి ఏఈ సార్ కూసోమన్నడు. వీడియో రెండుసార్లు చూసిండు. నాలా గోడ మీద చార మా మోరీ అడుగు కంటె కిందనే ఉన్నది, అది గూడ చెప్పినం. మోరీ పని ప్రతిపాదనల పెడత, కొలతలకు వచ్చేముందు ఫోన్ చేస్త అని నా నంబరు రాసుకున్నడు. సాంక్షన్ అయితదో కాదో చెప్పలేనన్నడు, అది నిజమే కద. నా గడప ముందటి రోడ్డు సంగతి మాత్రం ఇప్పుడప్పుడే కాదట. గడప ముందర అడ్డంగ చిన్న మోరీ తవ్వి పైన జాలీ వెయ్యొచ్చేమో చూస్తనన్నడు.

జిమ్ గురించి ఆఫీసుల ఎవ్వరు సక్కగ జవాబు ఇయ్యలె. పార్కు జాగ గిఫ్ట్ డీడ్ కాపీకి మా పెద్దాయన పేరు మీద ఆర్టీఐ పెట్టినం, వార్డు కమిటీ లిస్టుకు నా పేరు మీద. ఇంటాయన పోస్టాఫీసు దాక తానే వచ్చి పోస్టల్ ఆర్డర్ కొనిచ్చిండు.

సార్, మోరీ ఎస్టిమేట్ కాపీ చేతికి వచ్చిన్నాడు ఫొటో తీసి ఇక్కడ పెడత. పాత మోరీతోని కలిపే కాడ ఏ ఐటమ్ రాయకపోతె పని ఆగుతదో ముందుగాలనే చెప్పుండ్రి, ఏఈ సార్ కొలతలకు వచ్చిన్నాడు అడుగుత.


రిటైర్డ్ ఏఈ, హన్మకొండ

అమ్మా, కలిపే చోట చిన్న చాంబరు, దాని మీద తీసి పెట్టే మూత, నాలా గోడకు రంధ్రం చేసి మళ్ళీ పూడ్చడం, ఈ మూడూ ఐటమ్స్‌గా ఉన్నాయా చూడండి. మోరీ రోడ్డు దాటే చోటు ఉంటే అక్కడ ఆర్సీసీ పైపా, స్లాబా అని అడగండి. లారీలు తిరిగే దారి అయితే స్లాబు మందం కూడా అడిగి రాసుకోండి.